తలకెక్కిన పాఠం

కాలేజీ పాత భవనం తీసేసి అద్దాల మేడ లేపాలని యాజమాన్యం పట్టుబట్టింది. ఒక్క ఇటుక కూడా కదలనివ్వనని మేడమ్ భీష్మించుకుంది. ఆర్కిటెక్చర్ విద్యార్థులకు పర్యావరణానికి చేటు చేయని కట్టడాల గురించి పాఠాలు చెప్పేది ఆవిడే మరి. చెప్పే గదినే కాపాడుకోలేకపోతే ఇక ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

యాజమాన్యానికి నాలుగు ఉత్తరాలు రాసింది. ఉలుకూ పలుకూ లేదు. ఐదోదానికి ప్రిన్సిపాల్ పిలిచాడు. సోమవారం నుంచి ఒకాయన వస్తాడని, భవనమంతా దగ్గరుండి చూపించమని చెప్పాడు. ఎవరాయన అని అడిగేలోపే ఫోన్ అందుకున్నాడు.

కూల్చాలో వద్దో తేల్చేందుకు యాజమాన్యం పంపిన మనిషై ఉంటాడని ఆవిడ అనుకుంది.

ఆయన చెప్పిన వేళకే వచ్చాడు. యాభై దాటినవాడు. కాయకష్టం చేసిన చేతులు, జేబులో చిన్న నోటుబుక్కు.

"మీ క్లాసులో ఓ మూల కూర్చోవచ్చా అమ్మా?" అని అడిగి, చివరి బెంచీలో ఒదిగి కూర్చున్నాడు.

ఉన్న కట్టడాన్ని వాడుకోవడాన్ని మించిన డిజైన్ లేదని ఆవిడ మొదలుపెట్టింది. ముందు బెంచీల పిల్లలు ఫోన్లలో తలలు దూర్చారు. ఆయన మాత్రం తలెత్తకుండా రాసుకున్నాడు.

మూడు రోజులూ అదే వరస. ఇరవయ్యేళ్లకు ఒక్క మంచి శిష్యుడు దొరికాడన్నమాట అని ఇంట్లో భర్త ఆటపట్టించాడు. ఆవిడకు కోపం రాలేదు. చాన్నాళ్ల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

నాలుగో రోజు ఆయన్ని గది గదీ తిప్పింది. తాళంచెవితో గోడలో ఇటుకల సందున గీకి, అది సిమెంటు కాదు సున్నమని, అందుకే ఇన్నేళ్లయినా ఇటుక నిక్షేపంలా ఉందని చూపించింది. చీర కొంగు దోపుకుని నిచ్చెనెక్కింది. టేకు దూలాన్ని ఠంగున మోగేలా కొట్టి వినిపించింది. తలుపులు, కిటికీ ఊచలు, నేల మీది రాతి పలకలు, దేన్నీ వదల్లేదు.

"వీటిలో ఒక్కటి చెత్తకుప్పలో పడినా ఆ పాపం మనదే," అంది.

ఆయన తలెత్తి దూలాల వంక చూశాడు. తర్వాత నోటుబుక్కు మూసి, రెండు చేతులూ జోడించాడు.

"నా కళ్లు తెరిపించారమ్మా."

మేడమ్ నిచ్చెన పట్టుకుని నెమ్మదిగా దిగింది. గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

"మిషన్ పెట్టి ఒక్క పూటలో కూల్చేద్దామనుకున్నా గానీ, మీ పాఠం విన్నాక మనసొప్పడం లేదు, రేపట్నుంచి మా కూలీలతో ఒక్కో ఇటుకా చేత్తోనే ఊడదీయిస్తాను."