కాడి మీది నంబరు

"కాగితంలో నంబరుంటే చాలదు సార్, బండి మీదా ఉండాలి. లేకపోతే దేశంలోకి రానివ్వను," అన్నాడు కస్టమ్స్ ఆఫీసరు డూయర్.

గోడ గడియారం ఐదూ నలభై చూపిస్తోంది. ఆరు కొడితే ఆ చిన్న సరిహద్దు గేటు మూసేస్తారు. వెనక్కి వెళితే మొంటానా, ముందుకు వెళ్లనిస్తే సస్కాచువాన్‌లో సొంతిల్లు. బయట పికప్‌కి తగిలించిన పాత ట్రైలర్ గాలికి కిర్రుమంటోంది. పడకలు, పొయ్యి, అల్మారాలు అన్నీ అమరిన చక్రాల ఇల్లది. తలుపు పక్కన నంబరు పలక ఉండాల్సిన చోట నాలుగు స్క్రూల రంధ్రాలు మాత్రం ఉన్నాయి.

"రూలంటే రూలే మరి. తిరిగి ఇచ్చేసి వస్తాం," అంటూ లైల్ సుండ్‌బీ తాళాలు తీసుకుని లేచాడు. ఫారం మీద అతను పెట్టిన సంతకం ఇంకా ఆరలేదు.

"కూర్చో," అంది అతని భార్య ఆర్డిస్.

కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఆ మాటకి ఎదురు చెప్పిన పాపాన పోలేదు.

ఆర్డిస్‌కి ఆ ట్రైలర్ కావాలి. అచ్చం అలాంటిదే తండ్రి పోతూ పోతూ ఆమె పేరున ఉంచి పోయాడు. పదకొండేళ్ల కిందట ఆమె చెల్లెలి ఊరెళ్లి వచ్చేసరికి వాకిట్లోంచి ఎవరో లాక్కుపోయారు. ఆనాటి నుంచి అమ్మకాల ప్రకటనలు తిరగేయకుండా ఏ ఆదివారమూ కాఫీ తాగలేదు. ఇన్నాళ్లకి ఇది కంటబడింది. పాతదని, కురుస్తుందని, ఎలుకలుంటాయని లైల్ చెప్పి చెప్పి అలసిపోయాడు. తీరా బయల్దేరాక, నడుం పట్టేసిందని దీన్ని అమ్మిన మొంటానా ముసలాయన ఇంటి ముందు పికప్ దిగనే లేదు. ముసలాయనే ట్రైలర్ తగిలించి పంపాడు.

"ఆ దొంగ చేతులు పడిపోను," అంది ఆర్డిస్ ఆఫీసరుతో, ఆయనేదో అడిగినట్టు. "గోధుమ మాడి మేం ఏడుస్తున్న ఏడు, ఉన్న ఒక్క సుఖాన్నీ ఎత్తుకుపోయాడు. వాడి కంటి మీద కునుకు పడకూడదు."

లైల్ టోపీ కిందకి లాక్కున్నాడు.

ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. పోయిన ట్రైలర్‌కి ముందువైపు కాడి మీద, పికప్‌కి తగిలించే కొక్కెం పక్కన కూడా నంబరు కొట్టి ఉండేది. అక్కడేమీ లేదని, నిన్న మోటెల్ దగ్గర తనే రంగు వేశానని లైల్ అన్నాడు. రంగు వేశావు కాబట్టే కనబడదంటూ ఆమె తాళంచెవి లాక్కుని బయటికి నడిచింది. ఆ వెనకే ఆఫీసరు. తుప్పు పట్టిందని లైల్ రెండు పూతలు పూసిన నల్లరంగు గీకేసరికి ఒక్కొక్క అంకే బయటపడింది. అన్నీ కాగితంతో సరిపోయాయి. ఆర్డిస్ మొహం వెలిగిపోయింది.

లోపలికొచ్చి డూయర్ ఆ నంబరు కంప్యూటర్‌లో కొట్టాడు. కాసేపు చూశాడు. ఇంకోసారి కొట్టాడు.

"అమ్మా, ఇది దొంగసొత్తు. దీన్ని ఇక్కడే ఆపెయ్యాలి."

ఆర్డిస్ బల్ల పట్టుకుని నిలబడింది. అవతల ఇంకెవరో తనలాగే ఏడ్చి ఉంటారనిపించింది. ఆ పాపిష్టి ట్రైలర్ తనకొద్దని, సొంతదారులెవరో చెప్తే తనే తీసుకెళ్లి అప్పగిస్తానని అంది.

డూయర్ తెర వంక చూశాడు, ఆమె పాస్‌పోర్టు తీసి చూశాడు.

"మీరేనమ్మా."

ఆమె నవ్వింది, ఏడ్చింది, కిటికీలోంచి ట్రైలర్‌ని చూసి మళ్లీ ఏడ్చింది. రంగు మార్చినంత మాత్రాన పోల్చుకోలేకపోయానే అని తల బాదుకుంది. లైల్ కూడా కళ్లు ఒత్తుకున్నాడు. దొరికింది కదా, ఇక ఇంటికి పోదాం, పాపం ఈయనకీ గేటు మూసే వేళైంది అన్నాడు.

గేటు సంగతి తను చూసుకుంటానన్నాడు డూయర్. ఇన్సూరెన్సు వాళ్లకీ పోలీసులకీ కబురు చెయ్యాలి. అంతకు ముందు, ముసలాయనకి దీన్ని ఎవరు అమ్మారో తేలితే దొంగ దొరికినట్టే.

"పదకొండేళ్లయింది. ఇప్పుడెవడు దొరుకుతాడు? వదిలెయ్, ఆర్డిస్," అన్నాడు లైల్.

"నువ్వు వదిలేస్తావు. నీదా, మా నాన్నదా?"

ముసలాయన ఒక్క రసీదు కూడా పారేసే రకం కాదు. కొన్ననాటి నుంచి దాచిన కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి ఆమె చేతికే ఇచ్చాడు. ఆ ఫైలు ఎందుకో పికప్ సీటు కింద, జాకీకీ నూనె గుడ్డలకీ అడుగున దొరికింది. ఆర్డిస్ తెచ్చి బల్ల మీద పెట్టింది. డూయర్ ఒక్కొక్క కాగితమే తిప్పుతూ అట్టడుగుకి వెళ్లాడు. అక్కడ చేత్తో రాసిన అమ్మకం పత్రం ఉంది. దాన్ని చూసి, పక్కనే ఉన్న ఇందాకటి ఫారాన్నీ చూశాడు.

"చదవండి బాబూ. పేరు తెలియకుండానే ఇన్నేళ్లు తిట్టాను. ఇక పేరు పెట్టి తిడతాను."

ఆయన చదవలేదు. కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు. ఆర్డిస్ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. ఆరు దాటింది. ఎవరూ లేవలేదు. ఆమె మెల్లగా కళ్లజోడు తీసి, మొగుడి వైపు తిరిగింది.

"అయితే నా తిట్లన్నీ ఇన్నేళ్లూ పక్కన కూర్చునే విన్నావన్నమాట."