కోట చూడ్డానికి వచ్చినవాళ్లు

రతన్‌పూర్‌లో బస్సు దిగగానే నీలవేణి ఓ పక్కకి తప్పుకుంది. సంచిలోంచి ఎర్ర బొట్టుబిళ్ల తీసి నుదుట అంటించుకుంది.

బిలాస్‌పూర్‌లో బయల్దేరేటప్పుడు మహామాయ గుడికని చెప్పింది. కొడుకు దిలీప్ అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు. కోడలు ప్రసూన తోడొస్తానంటే వద్దని వారించింది. ఏడో నెల. ఆ బస్సు కుదుపులు పడవు.

గుడి దారి వదిలేసి కోట వైపు నడిచింది.

గణేశ్ ద్వారం దగ్గర అతను నిలబడి ఉన్నాడు. బిలాస్‌పూర్ శివారు తిఫ్రాలో లారీల షెడ్డుకి కాపలా ఉంటాడు. అక్కడ అందరూ రాంప్రసాద్ అంటారు. మాసిన గడ్డం, మెడలో తువ్వాలు. ఆమెను చూసి నవ్వబోయి, అటూ ఇటూ చూసి మానేశాడు.

“నిన్నెవరైనా చూసేరేటి?”

“లేదండీ. ఇంకెక్కడా చోటు లేనట్టు ఇక్కడికి రమ్మన్నారేటి?”

“కోటకొచ్చినవాళ్లు గోడల్నే చూస్తారు. మనుషుల్ని చూడరు.”

ఇద్దరూ టూరిస్టుల్లాగే లోపలికి నడిచారు, కాస్త ఎడంగా. కాలేజీ పిల్లలు సెల్ఫీలు తీసుకుంటున్నారు. ఎవరో ఒకాయన భార్యాబిడ్డల్ని రాతి శిల్పాల ముందు నిలబెట్టి, కలచూరి రాజుల కథ గట్టిగా చెబుతున్నాడు. రాంప్రసాద్ కూడా ఓ శిల్పం చూపించి ఏదో అన్నాడు. నీలవేణికి వినబడలేదు. ఆమె కళ్లు ద్వారం మీదే ఉన్నాయి.

కందకం వైపు, జనం తక్కువగా ఉన్నచోట గోడ నీడలో కూర్చున్నారు.

“ఆ గడ్డం తీసేయండి. ముసలాడిలాగున్నారు.”

“తీస్తే గుర్తుపట్టేవాళ్లుంటారు కదా.” గడ్డం నిమురుకుంటూ అడిగాడు. “దిలీప్ ఉద్యోగం?”

“పర్మినెంట్ అయింది.”

“అచ్ఛా!” గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు.

“ప్రసూనకి ఏడో నెల.”

అతను లేచి వెళ్లి, గోడ మీద చేతులు ఆనించి, కందకంలోకి చూశాడు. అలాగే వెనక్కి తిరక్కుండా అన్నాడు.

“ఆ రోజు నేను కోపం తెచ్చుకుని ఊరొదిలి పోకుండా ఉంటే ఇదంతా జరిగేది కాదు.”

“ఇప్పుడనుకుని ఏటి లాభం?”

“పోనీ, దిలీప్‌కి చెప్పేద్దామా?”

నీలవేణి ఉలిక్కిపడింది. “వద్దు! వాడికి నిజం దాచడం చేతకాదు. నలుగురికీ తెలిస్తే వాడి బతుకేటవుతుంది? నేనొక్కదాన్నే మోస్తాను. నా పాపం నాదే.”

“నీది కాదు...” అని అతను ఇటు తిరుగుతుండగా ఓ గొంతు ఖంగుమంది.

“నీలవేణీ! నువ్విక్కడున్నావేటి?”

రైల్వే కాలనీలో పక్క క్వార్టర్ మంగాయమ్మ. గుడికొచ్చిన ఆడవాళ్ల గుంపుతో కోట చూడ్డానికి వచ్చినట్టుంది. నీలవేణి చెమట తుడుచుకుంటున్నట్టు పమిటతో నుదురు తుడిచి, బొట్టుబిళ్లని గుప్పిట్లో దాచేసింది. రాంప్రసాద్ ఎండకి తాళలేనివాడిలా తువ్వాలు తలకీ మొహానికీ చుట్టేసుకుని, గోడ కేసి తిరిగిపోయాడు.

“గుడికనే వచ్చేను వదినా. మనసు బాగోలేక ఇలా వచ్చి కూర్చున్నాను.”

“ఎలాగ బాగుంటాది మరి! రేపే కదా చిన్నారావు అన్నయ్య సంవత్సరీకం.” మంగాయమ్మ పక్కన చతికిలబడి ఆమె చెయ్యి పట్టుకుంది. నీలవేణి రెండో చెయ్యి గుప్పిట ఇంకా బిగించింది. “పట్టాల మీద మొహం ఆనవాలైనా లేకుండా పోయేడు, నువ్వు గుర్తుపట్టబట్టి అన్నయ్యని తెలిసింది, పాపం. తన రైల్వే ఉద్యోగం కొడుక్కి వచ్చింది, అదొక్కటే నీకు మిగిలింది. ఏడవకు. లే, ఒక ఫోటో తీసుకుందాం.”

“ఇప్పుడు ఫోటోలేటి వదినా, వద్దు.”

మంగాయమ్మ అప్పటికే ఫోను పట్టుకుని గోడ దగ్గరున్న మనిషిని పిలిచింది.

“భయ్యా, హమారా ఏక్ ఫోటో ఖీంచ్ దీజియే!”

అతను కదల్లేదు. ఆవిడ మళ్లీ పిలిచింది. ఇక తప్పక ఇటు తిరిగాడు. తువ్వాల్లోంచి కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఫోను అందుకున్నాడు. నీలవేణి తలెత్తలేకపోయింది. ఎలాగో నొక్కి, మాట్లాడకుండా ఫోను తిరిగిచ్చేశాడు.

మంగాయమ్మ ఫోటో చూసుకోలేదు. అతని కళ్లలోకి చూసింది.

“ఈ మనిషినెక్కడో చూసినట్టుందే.”

“ఏ గుళ్లోనో చూసుంటావు వదినా,” అంది నీలవేణి.

ఇంకో క్షణం అలాగే నిలబడేదేమో. గుంపులోంచి ఎవరో కేకేశారు. “బస్టాండు దగ్గర ఉంటాను, తొందరగా వచ్చీ. కలిసి పోదాం,” అంటూ మంగాయమ్మ వెళ్లిపోయింది.

ఆవిడ ద్వారం దాటిందాకా ఇద్దరూ కదల్లేదు. అప్పుడు రాంప్రసాద్ తువ్వాలు విప్పాడు. గడ్డం తడిసి ఉంది.

“ఇంక ఇక్కడ కూడా కలవకూడదు,” అన్నాడు.

“కలవొద్దు.”

ఆమె సంచి భుజానికి తగిలించుకుని నడిచింది. కొంత దూరం పోయి ఆగింది. వెనక్కి వచ్చి, అతని మొహం చూడకుండా, మెల్లిగా అంది.

“రేపు పదింటికి మీ కొడుకు మీకు పిండం పెడతాడు, ఆ వేళకి మీరక్కడ ఖాళీ కడుపుతో ఉండకండి.”