రెండో జడ

విడాకులప్పుడు కోర్టు నరహరికి కూతురితో గడపడానికి ఇచ్చింది బడికి తీసుకెళ్లే ప్రయాణం మాత్రమే. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి గంటన్నర. ఆ ట్రాఫిక్ జామ్‌లోనే అతను జడలు వేయడం నేర్చుకున్నాడు.

ఈ నెల నుంచి ఊళ్లో కార్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుని వాటంతటవే నడుస్తున్నాయి. ఎక్కడా ఆగడం లేదు. పది నిమిషాల్లో బడి వచ్చేస్తోంది. నిన్న రెండో జడ సగంలో ఉండగానే కారు తలుపు తెరుచుకుంది.

ఇవాళ శ్రీనిక రెండు జడలతోనే కారెక్కింది.

"టీచర్ తిట్టిందని మమ్మీయే వేసేసింది డాడీ."

నరహరి దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. కారు కదిలింది. శ్రీనిక అతనివైపు వీపు తిప్పి కూర్చుని, ఒక రిబ్బను లాగేసింది.

"ఒకటి విప్పేసిన. జల్ది వెయ్ డాడీ."

పాయలు తీస్తూ, ఒక్క సిగ్నలైనా పడితే బాగుండునని అతను ముందుకు చూశాడు.

అప్పటికే బడి గేటు కనిపిస్తోంది.