పరమేష్ షరతు

సోమవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, నల్గొండ క్లాక్‌టవర్ దగ్గరి ప్రింటింగ్ షాపులో, డీటీపీ ఆపరేటర్ పరమేష్ పని మానేస్తానన్నాడు. కంప్యూటర్‌లో విండోస్ తీసి లినక్స్ పెడితే ఎట్లుంటదని యజమాని స్నేహలత అడిగింది. అదే కారణం.

"విండోస్ తీసేసిన దినమే మా ఊరు ఆత్మకూర్ బస్సెక్కుత. పొలంల నాగలైనా పట్టుకుంట గని లినక్స్ పట్టుకోను."

షాపులో తెలుగు టైపు కొట్టేది పరమేష్ ఒక్కడే. పద్దెనిమిదేళ్లుగా అంతే. అతను పోతే షట్టర్ దించాల్సిందే.

"పాత మిషిన్ కదన్నా. కొత్త విండోస్ దీనికి ఎక్కది. లినక్స్ అయితే ఎక్కుతది."

"మరి నా తెలుగు సాఫ్ట్‌వేర్? అది విండోస్ మీద తప్ప నడ్వది."

"నడుమ ఇంకో ప్రోగ్రాం పెడ్తరు. నీ సాఫ్ట్‌వేర్ ఏమడిగినా అది అందుకొని లినక్స్‌తోని చేయిస్తది. నీ సాఫ్ట్‌వేర్‌కు విండోస్ మీదున్నట్టే ఉంటది."

కొడుకు లగ్గం పత్రికల కోసం వచ్చి కూర్చున్న మారయ్య తల ఊపాడు. "గొర్ల అంగట్ల దళారి లెక్క. ధర కోసం తువ్వాల కింద అమ్మెటోని వేళ్లు పడ్తడు, కొనెటోని వేళ్లు పడ్తడు. ఇద్దరు నోరు తెరిచే పనే లేదు."

"దళారి ఉన్నకాడ మోసముంటది, పెద్దాయనా."

"నేను ముప్పై ఏండ్ల సంది దళారినే, తమ్మీ."

పరమేష్ కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసి ఉంచేది స్నేహలత. తెర మీద అతను నొక్కేది తన తెలుగు సాఫ్ట్‌వేర్ బొమ్మ ఒక్కదాన్నే. మిగతావాటితో అతనికి పని లేదు.

పావుగంటలో మారయ్య ఇంటిపేరు, ముహూర్తం, విందు స్థలం టైపు చేశాడు. 'జ్యేష్ఠ పుత్రుడు' దగ్గర ఆగి తెర మీద వేలు పెట్టాడు.

"చూడు చెల్లె, ష కింద ఠ ఎంత సక్కగ కూసున్నదో. విండోస్ అంటే గిది. నీ దళారితోని అయితదా గీ పని?"

"మంచిగున్నదన్నా."

ప్రూఫ్ చదివి తప్పు లేదన్నాడు మారయ్య. ఐదు వందల పత్రికలు చెప్పాడు. పదకొండు ఇరవైకి పరమేష్ తానే ముగ్గురికీ చాయ్ తెప్పించాడు.

"ఇగ గా సిస్టం మార్చెటాయనకు ఫోన్ కొట్టు. రావద్దని చెప్పు."

స్నేహలత చాయ్ గ్లాసు అతని చేతికిచ్చింది.

"ఆయన పోయిన ఆదివారమే వచ్చి మార్చిపోయిండన్నా."