మందు లేని చెయ్యి

బ్రషోవ్ క్లినిక్‌లో డాక్టర్ స్మరాండా చిన్నారి ఇలింకా మోచేతుల్ని వెలుతురుకు తిప్పింది. "గజ్జి రెండింటికీ మానిందే. కొత్త మందు పరీక్షకని చేతికొకటి చొప్పున ఇచ్చిన రెండు ట్యూబుల్లో, ఒకదాంట్లో మందే లేదమ్మా."

తల్లి రొడికా తల దించుకుంది. "ఏది పనిచేస్తోందో చూసి మా అత్తగారు అదే రెండు చేతులకీ రాశారు. ఒక చేతికి రాసి ఇంకో చేతికి రాయకపోవడం పాపమన్నారు. కంపెనీవాళ్ళకి తెలిస్తే మాకు మందివ్వడం ఆపేస్తారు కదా. రెండూ పనిచేశాయని రాసెయ్యండి డాక్టరమ్మా, ఎవరికి నష్టం?"

"అలా రాస్తే, మందున్నా లేకున్నా ఒకటేనంటారు. ఇక ఈ మందు బజారుకే రాదు."

"ఇలింకాకి కూడానా?"

"ఏ పిల్లకీ రాదు."

రొడికా కూతురి నున్నటి మోచేతిని తడిమింది. తర్వాత సంచిలోంచి మందున్న ట్యూబు తీసి బల్లమీద పెట్టింది.

"జరిగిందే రాయండి," అంది. ట్యూబు మీంచి చెయ్యి మాత్రం వెంటనే తీయలేకపోయింది.