పికప్ బండి తాళాలు

"ఇంకా ఎంతసేపండీ?"

డ్రైవర్ అడగడం అది నాలుగోసారి. మెకానిక్ స్కానర్‌లోంచి తల ఎత్తలేదు.

పికప్ బండి షెడ్డు ముందు స్టార్టింగ్‌లోనే ఉండి వణుకుతోంది. స్టీరింగ్ వెనక పసుపు లైటు వెలుగుతోంది. ముందు సీట్లో డ్రైవర్ భార్య, నిండు చూలాలు, అట్టముక్కతో విసురుకుంటోంది. వెనక మంచం, బీరువా, మూటలు. కొండ అవతల ఊళ్లో కొత్త కొలువు. చీకటి పడకముందే చేరాలి.

"టైమింగ్ కోడ్ చూపిస్తోంది," అన్నాడు మెకానిక్.

"అంటే?"

"ఇంజన్లో కింద క్రాంకూ, పైన క్యామూ ఒకే లెక్కలో తిరగాలి. రెంటినీ కలిపేది ఓ చెయిన్. ఎక్కడో లెక్క తప్పుతోంది. సెన్సర్ తప్పు చెబుతుండొచ్చు, చెయినే సాగి ఉండొచ్చు. విప్పితేగానీ తెలీదు. రేపటిదాకా పడుతుంది."

"రేపా! బాబ్బాబు, బండి నడుస్తోందిగా. ఆ లైటు ఆర్పెయ్యండి. తర్వాత తీరిగ్గా చూపిస్తాను."

మెకానిక్ బుర్ర గోక్కున్నాడు. ఓ బటన్ నొక్కాడు.

కోడ్ చెరిగిపోయింది. లైటు ఆరిపోయింది.

"చెరిపేశారా?"

ఇద్దరూ తిరిగి చూశారు. ఇందాకటిదాకా ఎదురుగా బస్టాపులో కూర్చున్న ఆవిడ. యాభై దాటి ఉంటాయి. ఎప్పుడు రోడ్డు దాటి వచ్చిందో!

"చెయిన్ గలగల నాకు అక్కడికి వినిపిస్తోంది. విప్పి చూడండి."

"మీ బస్సు సంగతి మీరు చూసుకోండమ్మా," అన్నాడు మెకానిక్.

"కొండదారిలో చెయిన్ గేరు పళ్లు దాటితే ఇంజన్ ఆగిపోతుంది. బ్రేకు పెడలు రాయిలా బిగుస్తుంది, ఎంత తొక్కినా పడదు. స్టీరింగ్ మాట వినదు."

"శుభమా అని బయల్దేరుతుంటే ఆ మాటలేంటండీ?" డ్రైవర్ కసిరాడు.

ఆవిడ ఇంకేం వాదించలేదు. కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళాలు లాగేసింది. లోపల భార్య కెవ్వుమంది. ఎవరూ కదిలేలోపే తాళాలు పక్కనున్న మురుగు కాలువలో పడ్డాయి.

"పిచ్చెక్కిందా నీకు!" డ్రైవర్ చెయ్యెత్తాడు.

ఆవిడ వెనక్కి జరగలేదు.

"కొట్టు బాబూ. కొట్టి, బండి విప్పించు."

ఇంతలో బస్సొచ్చింది. మెకానిక్ ఆవిణ్ని జబ్బ పట్టుకుని, దాదాపు తోసినట్టే ఎక్కించాడు.

రెండో జత తాళాలు బావమరిది దగ్గరున్నాయి. తేవడానికి మూడు గంటలట. డ్రైవర్ తిట్టుకుంటూ కాలువను కర్రతో కెలుకుతున్నాడు. కూర్చుంటే కుదురులేదు, నిలబడితే కుదురులేదు మెకానిక్‌కి. చేతులు ఊరుకోక ఇంజన్ కవరు విప్పడం మొదలెట్టాడు.

కవరు ఊడొచ్చింది.

చెయిన్ వదులుగా వేలాడుతోంది. దాన్ని అదిమి ఉంచే పట్టీ విరిగి, ముక్కలు నూనెలో పడున్నాయి. అప్పటికే ఓ పన్ను దాటేసింది. ఇంకొకటి అంచు మీదుంది.

"కొండ ఎక్కేదాకా కూడా ఆగేది కాదు," అన్నాడు గొణుగుతున్నట్టు.

డ్రైవర్ ఇంజన్ వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. కర్ర అక్కడే పారేసి బస్టాపుకి పరిగెత్తాడు.

బస్సు వెళ్లిపోయి రెండు గంటలైంది.

అప్పుడే భోంచేసి వస్తున్న పక్క లేత్ షాపు మేస్త్రి ఆగాడు. "ఏంటి గొడవ?"

మెకానిక్ జరిగిందంతా చెప్పాడు.

"పొట్టిగా, చామనఛాయగా ఉంటుందా? ఎడం చేతికి బొటనవేలు సగమే?"

"అవును. మీకు తెలుసా?"

"తెలుసు. మూడేళ్ల కిందట ఆ కొండ మీంచి ఓ పికప్ లోయలో పడింది, గుర్తుందా? నలుగురు పోయారు."

బస్టాపు నుంచి తిరిగొచ్చిన డ్రైవర్ అడిగాడు.

"ఆవిడ తాలూకు వాళ్లా?"

"కాదయ్యా," అన్నాడు మేస్త్రి. "ఆ పొద్దున వాళ్ల బండికి లైటు ఆర్పి పంపిన మెకానిక్ ఆవిడే."