పంకజమ్మ కలిపిన ఉగ్గు

"బిడ్డను ఇట్టియ్యి" అంది కస్తూరమ్మ, ఉగ్గుగిన్నెతో గుమ్మంలో నిలబడి.

కోడలు వాసవాంబ బిడ్డను ఇంకా దగ్గరికి పొదువుకుంది. "వద్దత్తా. వేలూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ ఏమి చెప్పింది? బిడ్డ కూర్చునేదాకా తల్లిపాలే, చుక్క నీళ్ళు గూడా వద్దనింది. మీరూ ఇన్నారు గదా."

"ఇన్న్యాలే. అవ్వ కలిపిచ్చినాది, పొయ్యాల. ఇట్టియ్యి."

వస అరగదీసి ఆముదంలో కలిపిన ఉగ్గు అది. పెద్దబిడ్డకూ రోజూ అదే పోశారు. విరేచనాలు పట్టుకుని ఆ బిడ్డ మూడో నెల చూడకుండానే పోయింది. అప్పటినుంచీ ఆముదం వాసన తగిలితే చాలు, వాసవాంబ బిడ్డను ఎత్తుకుని అవతలికి పోతుంది.

మొగుడితో చెప్పుకుందామంటే అతను అంగడి వదలడు. చిత్తూరు కొత్తగా వచ్చే ఆంధ్ర రాష్ట్రానికి పోతుందా, మన గుడియాత్తం మద్రాసులోనే ఉంటుందా అని అక్కడ ఒకటే వాదన. బిడ్డ గొంతులో ఏం పడుతోందో ఎవరికీ పట్టదు.

పెరటి గడపలో కస్తూరమ్మ అత్తగారు, ముసలి పంకజమ్మ, కాపలా ఉన్నట్టే కూర్చుంటుంది. చూపు లేదు గానీ ముక్కు మహా చురుకు. బిడ్డ మూతి వాసన చూసి, గిన్నెలో వేలు తిప్పి, ఖాళీ అయిందంటేనే ఊరుకుంటుంది. నీళ్ళు పోయే తూము కూడా ఆమె కాళ్ళ దగ్గరే.

కస్తూరమ్మ బిడ్డను లాక్కుంది. "నువ్వు రావద్దు. తల్లి చూస్తే దిష్టి."

పక్కగది తలుపు పడింది. బిడ్డ కెవ్వుమన్నాడు. తిరిగొచ్చేసరికి వాడి పెదాల మీద ఆముదం మెరుస్తోంది. వాసవాంబ ఏడుపు ఆపుకోలేకపోయింది.

"అంతా పోసేసినారా అత్తా?"

"గిన్నె చూడు" అని కస్తూరమ్మ కడుపు పట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. ఈ మధ్య ఆమెకు రోజూ అదే అవస్థ. ఆ జబ్బు బిడ్డకు అంటుకుంటుందేమోనని మరో భయం. గుడ్డ మార్చినప్పుడల్లా వాసవాంబ దాన్ని వెలుగులో పట్టి చూసేది. ఇంకా ఏమీ కాలేదు. పెద్దబిడ్డకూ మొదట్లో ఏమీ కాలేదు.

మర్నాడు మళ్ళీ గిన్నె వచ్చింది, మళ్ళీ తలుపు పడింది. ఈసారి వాసవాంబ ఆగలేదు. బిడ్డను తీసుకుని తిరువలంలో పుట్టింటికి పోవాలి, తర్వాత ఏమైనా కానీ అనుకుంటూ తలుపు తోసింది.

కస్తూరమ్మ బిడ్డ పెదాలకు వేలితో ఇంత ఆముదం రాసి, గిన్నె పైకెత్తింది.

కళ్ళు గట్టిగా మూసుకుని తానే తాగేసింది.